మిరపకాయల మూటా, రెండు కార్లూ

ఎత్తు కారు మంచిదా, డిక్కీ కారు మంచిదా అని మా ఊళ్ళో ఎవరు కారు కొనాలన్నా ఇప్పుడు నన్నే అడుగుతున్నారు. నేను చదివింది రెండో తరగతి. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. ఇది కూడా నేను చెబుతుంటే అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. నవ్వాపుకోలేక మధ్యమధ్య కలం కింద పెడుతోంది. అయినా కార్ల సంగతైతే నేను గంటసేపు చెప్పగలను. ఎందుకంటే ఆ రెండు రకాల కార్లకీ నేను ఒకే రోజున, ఒకే మిరపకాయల మూటతో, ఒకే ఆడముఠాతో పరీక్ష పెట్టాను. అలా పెట్టిన మనిషి వినుకొండ నుంచి అద్దంకి దాకా ఇంకొకరు ఉండరు.

అసలు నాకు కారు అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

మా ఆయన పోయి ఆరేళ్ళు. రెండున్నర ఎకరాల మిరప, ఎకరం పత్తి నా చేతి మీదే నడుస్తున్నాయి. చేను ఊరికి మూడు కిలోమీటర్లు. సగం తారు రోడ్డు, మిగతా సగం చేల మధ్య మట్టి డొంక. నల్లరేగడి డొంక సంగతి తెలిసిందే కదా: ఎండితే ఇనుము, చినుకు పడితే వెన్న. ఆటోవాళ్ళు రోడ్డు మీదే దింపేసి వెనక్కి తిప్పుకుంటారు. ఉమ్మడి ట్రాక్టరు మా మరిది ఇంట్లో ఉంటుంది. నడపడం నాకూ వచ్చు. మా ఆయన మంచాన పడ్డ ఏడు నేర్చుకున్నాను, ఆ తర్వాత లైసెన్సు కూడా తీయించుకున్నాను. పరీక్షలో రోడ్డు గుర్తుల బొమ్మలు చూపించి నొక్కమన్నారు. చదువు రాకపోతే ఏం, బొమ్మ బొమ్మే కదా, నొక్కేశాను.

ఈ ఏడు కాయ విరగకాసింది. మొదటి కోతకి ట్రాక్టరు అడిగితే మరిది, "మాది కానీ వదినా, ఆనక పంపుతా," అన్నాడు. నా కోత కూలీల ముఠా రోడ్డు మీద తొమ్మిదింటి దాకా నిలబడి, పక్కూరి పెద్ద రైతు వ్యాను వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. వాళ్ళని అనడానికేముంది? నీళ్ళ సీసా, అన్నం క్యారియరు పట్టుకుని డొంకలో నడిచి, రోజంతా నడుం వంచి కాయ కోసి, మళ్ళీ ఆ డొంకలోనే నడిచి వెళ్ళమంటే ఎవరొస్తారు? నా కోత పది రోజులు వెనకబడింది. పండిన కాయ చెట్టు మీదే మెత్తబడి, సగం తాలైపోయింది. తాలంటే తెల్లబారిన కాయ. మిర్చి యార్డులో దాన్ని చేత్తో కూడా ముట్టుకోరు, కాలితో కదిపి చూస్తారు.

రెండో కోత మాఘమాసంలో వచ్చింది. చేనంతా ఎరుపు, ఆకాశమంతా మబ్బు. వారం పది రోజుల్లో వాన ఉందని టీవీలో చెబుతున్నారు. మా ముఠాకి ఒక మేస్త్రమ్మ ఉంది. తనతో కలిపి తొమ్మిది మంది ఆడవాళ్ళని కూడగట్టి కోతలకి తీసుకెళ్ళేది ఆమే. ఆమె మాటంటే మాట, అడుగంటే అడుగు. శుక్రవారం సాయంత్రానికి ఎవరో ఒకరి చేనుకి ఒప్పుకుంటానంది. పక్కూరి రైతు అప్పటికే వ్యాను పంపుతానని కబురు పెట్టాడు.

"నువ్వేం పంపుతావే?" అని నన్నడిగింది.

"కారు పంపుతా," అన్నాను.

పత్తి డబ్బు బ్యాంకులో ఉన్న మాట నిజమే గానీ, కారు ఆలోచన అప్పటిదాకా లేదు. నోట్లోంచి వచ్చేసింది. మేస్త్రమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"చూపించు. ఎక్కి చూస్తా, నీ చేను దాకా వెళ్ళి చూస్తా. అప్పుడిస్తా మాట."

అదండీ సంగతి. శుక్రవారం లోపల కారు దొరకాలి, అది మేస్త్రమ్మకి నచ్చాలి. నచ్చకపోతే నా రెండో కోత కూడా తాలే.

వాకబు చేస్తే అమ్మకానికి రెండు తేలాయి, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి అద్దంకిలో రిటైరైన మాస్టారిది. పదకొండేళ్ళ పాతది. కురచగా, ఎత్తుగా, గుడ్ల మీంచి లేచిన కోడిపెట్టలా ఉంటుంది. అమ్మేవాళ్ళు దాన్ని ఎస్‌యూవీ అంటారు. రెండోది వినుకొండలో విత్తనాల కొట్టు ఆసామిది. తెల్లగా, పొడుగ్గా, వెనక డిక్కీ బయటికి చాచుకుని, పెళ్ళికొడుకుని దింపడానికి వచ్చినట్టు నిగనిగలాడుతోంది. దాన్ని సెడాన్ అంటారట. మాకు మాత్రం ఒకటి ఎత్తు కారు, ఒకటి డిక్కీ కారు.

మరిదికి డిక్కీ కారు మీద మనసు పడింది.

"కొంటే అదే కొను వదినా. ఏ పెళ్ళికెళ్ళినా పందిరి ముందు దిగితే మర్యాదగా ఉంటది."

"నేను దిగితేనా, నువ్వు దిగితేనా?"

"ఎవరు దిగితే ఏంటి వదినా, ఒక ఇంటోళ్ళమేగా!"

శుక్రవారం పొద్దున రెండు కార్లూ మా ఇంటి ముందుకొచ్చాయి. వాటి వెనకే సగం ఊరు వచ్చింది. మేస్త్రమ్మ కోడలిని, ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

గేదెని కొనడం నాకు తెలుసు. పళ్ళు చూస్తాను, పొదుగు పిండి చూస్తాను, నాలుగడుగులు నడిపించి చూస్తాను. కారుకి ఏం చూడాలి? ముందు కూర్చుని చూద్దామనుకున్నాను.

డిక్కీ కారులో కూర్చోవడం అంటే దిగబడటమే. ముందు నడుము పోతుంది, తర్వాత తల వంచాలి, ఆఖరున కాళ్ళు లోపలికి లాక్కోవాలి. లోపలికి పోయాక మాత్రం, అబద్ధమెందుకు, స్వర్గం. మెత్తటి సీటు. మంచు లాంటి గాలి. తలుపు వేస్తే బయటి మాట లోపలికి రాదు. మా మరిది అద్దం అవతల నిలబడి ఏదో చెబుతున్నాడు; మూతి కదులుతోంది, మాట లేదు. ఇన్నేళ్ళలో అతను నాకు అంత ముద్దుగా ఎప్పుడూ కనబడలేదు. కానీ దిగేటప్పుడు మోకాళ్ళు ససేమిరా అన్నాయి. మేస్త్రమ్మ ఒక చెయ్యి, ఆమె కోడలు ఒక చెయ్యి పట్టుకుని, బురదలో కూరుకున్న గేదెని లాగినట్టు లాగారు.

ఎత్తు కారు సీటు సరిగ్గా మా నులకమంచం ఎత్తుంది. పక్కకి తిరిగి కూర్చుంటే చాలు, కాళ్ళు వాటంతటవే లోపలికొస్తాయి. కానీ సీటు చెక్కబల్ల. తాళం తిప్పితే పిండిమర మొదలైనట్టే. గేరు వెయ్యడమంటే పత్తికట్టె పీకినంత పని. ఇవన్నీ నేను పైకే చెప్పాను. మాస్టారు నొచ్చుకోలేదు.

"అన్నీ నిజాలేనమ్మా," అన్నారు. "నాకంటే అదే నయం, ఇంకా పరిగెడుతుంది."

తర్వాత కార్ల కింద జాగా కొలిచాం. టేపు లేదు. మేస్త్రమ్మ "గిన్నెలు తేండే" అంది. నాలుగిళ్ళ గిన్నెలు వచ్చాయి. డిక్కీ కారు కింద చెంబు దూరింది, అన్నం తపేలా దూరలేదు. ఎత్తు కారు కింద తపేలా కూడా దూరింది. తేడా చూస్తే మూడు వేళ్ళు. మూడు వేళ్ళకి ఇంత గోల ఏంటని విత్తనాల కొట్టు ఆసామి నవ్వాడు. ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు పాపం.

ఇక మూట పరీక్ష. నా కల్లం చేలోనే ఉంది. ఎండిన కాయని ఒక్కో మూటగా సాయంత్రం ఇంటికి తెచ్చుకోవాల్సిందే, అక్కడ కావలి కాయడం నా వల్ల కాదు. కాబట్టి ఏ కారు కొన్నా అది మనుషులతో పాటు మూటనీ మొయ్యాలి. ఇంట్లో మొదటి కోత ఎండుకాయ మూట ఒకటి ఉంటే తెచ్చి డిక్కీలో వేశాం. మూత టప్పున పడింది. నేను స్టీరింగు దగ్గర, నా పక్కన ఆసామి, వెనక మేస్త్రమ్మతో కలిపి నలుగురు. అద్దాలు బిగించి, ఏసీ వేసి బయల్దేరాం. ఒక్కరికీ ముక్కు కూడా చిటపటలాడలేదు. డిక్కీకీ మనుషులకీ మధ్య గోడ ఉంటుంది చూడండి, ఘాటంతా దాని అవతలే. తారు రోడ్డు మీద ఉయ్యాలూగినట్టు వెళ్ళింది. వెనక నుంచి "ఇదే తీసుకో అక్కా, ఇదే తీసుకో," అని ఒకటే నస.

డొంకలోకి తిప్పాను. ముందురోజు నాలుగు చినుకులు పడ్డాయి. ట్రాక్టరు చక్రాల గాడుల మధ్య గట్టులా లేచి ఉంటుంది కదా, దాని మీద కారు పొట్ట ఆనింది. జర్రుమని ఒక చప్పుడు, అంతే. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలదు. అందరం దిగి, చీరలు ఎగ్గట్టి, తోశాం.

"అమ్మా, మెల్లగా! అమ్మా, పెయింటు!" అని ఆసామి చుట్టూ తిరుగుతున్నాడు.

"పెయింటు సంగతి తర్వాతయ్యా," అంది మేస్త్రమ్మ ఒగరుస్తూ. "నీ కారుకి మా డొంక మీద మనసైంది. లేవనంటోంది."

అది లేచింది గానీ, లేస్తూ ఆయన తెల్లచొక్కా మీద నల్లరేగడి అంతా చిమ్మింది. ఇంటికొచ్చాక ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "మీ డొంక బాగోలేదు గానీ నా కారు బాగుంది," అన్నాడు. నేనూ అదే అన్నాను. నిజమే మరి, అది చాలా మంచి కారు. తప్పంతా డొంకది.

మూట ఎత్తు కారులోకి మారింది. దాని వెనక తలుపు తీస్తే సీటు వెనకే ఖాళీ, మధ్యలో గోడా గీడా లేదు. మాస్టారు, "మీరు వెళ్ళిరండమ్మా, నేను కాఫీ తాగుతాను," అని అరుగు మీద కూర్చున్నారు. ఆయనకి ముందే తెలుసని నా అనుమానం. మేస్త్రమ్మ నా పక్కన కూర్చుంది. ముగ్గురు పట్టే వెనక సీట్లో నలుగురు. అద్దాలు బిగించి, తాళం తిప్పి, ఏసీ వేశాను.

వెనక నుంచి కోడలు, "హాచ్చి!"

"ఆపు!" అంది మేస్త్రమ్మ.

బయల్దేరబోతూ ఒంటి తుమ్ము తుమ్మితే ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి లేవాలి. వెంట వెంటనే రెండు తుమ్మితే శుభం, వెళ్ళొచ్చు. ఇది అందరికీ తెలిసిందే. కానీ మేస్త్రమ్మకిది వేదం. ఒకేడు ఒంటి తుమ్ముని లెక్కచెయ్యకుండా బయల్దేరితే ముఠాలో ఒకామెని తేలు కుట్టిందట. అప్పటి నుంచి ఆమె తుమ్ము దాటి అడుగు వెయ్యదు.

అందరం దిగాం. అరుగు మీద వరసగా కూర్చున్నాం. చెంబుతో తలో గుక్క తాగాం. మళ్ళీ ఎక్కాం. కారు గజం దూరం కదిలిందో లేదో, "హాచ్చి!"

ఆపాను. రెండోది వస్తుందేమోనని అందరం చెవులు రిక్కించాం.

"ఇంకోటి తుమ్మవే," అంది మేస్త్రమ్మ.

"రావట్లేదత్తా."

"కొంగు కొస ముక్కులో పెట్టుకో!"

కోడలు కొంగు మెలిపెట్టుకునే లోపల, దాని పక్కనామె, "హాచ్చి!" అంది.

"రెండయ్యాయి, పద పద!"

"ఎట్లా రెండవుతాయే? ముక్కులు వేరు కదా!" అంది మేస్త్రమ్మ.

"తుమ్ము లెక్కా, ముక్కు లెక్కా పెద్దమ్మా?"

మేస్త్రమ్మ ఆలోచించి, ఒకే ముక్కు నుంచి రావాలని తేల్చింది. దిగాం. కూర్చున్నాం. తాగాం. ఈసారి ఎక్కగానే ఒకామె వరసగా మూడు తుమ్మింది. రెండు శుభమైతే మూడోదేంటి? మళ్ళీ ఒంటిదే. దిగాం. నీళ్ళ చెంబు ఖాళీ అయితే ఎదురింటి వాళ్ళు బిందె తెచ్చి పెట్టారు. నవ్వీ నవ్వీ నా పక్కటెముకలు పట్టేశాయి. ఒకావిడ ఎలాగైనా లెక్క సరిచెయ్యాలని తానే ఒకటి కల్పించి తుమ్మింది.

"అది తుమ్మా?" అంది మేస్త్రమ్మ. "పిల్లి దగ్గింది."

మళ్ళీ ఎక్కి కూర్చుంటే, మరిది గోడకి ఆనుకుని, "వదినా, ఉగాదికి చేరతారులే చేలోకి!" అని కేక వేశాడు. నేను జవాబు చెబుదామని నోరు తెరిస్తే నాకే తుమ్మొచ్చింది. రెండు! నాకు రెండొచ్చాయి! "శుభం శుభం" అని వెనక నలుగురూ చప్పట్లు కొట్టారు. క్లచ్చు వదిలాను. కారు కదిలింది. వీధి మలుపు దాకా వెళ్ళాం.

అక్కడ మేస్త్రమ్మకి పట్టుకుంది. ముక్కు పైకెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. రెండు చేతులతో మూతి మూసుకుంది. అయినా ఆగలేదు. డొంక దాకా వినబడేంత తుమ్ము. ఒక్కటే.

కారాపాను. ఎదురు చూశాం. రెండోది రాలేదు.

మేస్త్రమ్మ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

"ఇంక కాదే అమ్మాయ్. వాళ్ళ తుమ్మైతే సర్దుకునేదాన్ని, ఇది నా తుమ్మే. పక్కూరి వ్యానుకే మాటిచ్చేస్తాను."

ఒళ్ళంతా నవ్వుతో ఊగుతూ ఉన్నదాన్ని, అక్కడికక్కడే చల్లబడిపోయాను. చేలో ఎర్రగా వేలాడుతున్న కాయ కళ్ళ ముందు తిరిగింది. ఏం మాట్లాడుతున్నానో చూసుకోకుండా అనేశాను.

"తుమ్ముకే ఇంత భయమైతే నన్నేం చేస్తావు పెద్దమ్మా? మొగుడు పోయినదాన్ని స్టీరింగు పట్టుకుని నీ ముందర కూర్చున్నా. తెల్లారి బయల్దేరితే ముందు నా మొహమేగా చూడాలి! నాకంటే అపశకునమా మిరపకాయ?"

తమాషాకే అన్నాననుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఈ ఆరేళ్ళలో ఎవరైనా పెళ్ళికో పేరంటానికో బయల్దేరుతున్నారంటే నేను తలుపు చాటుకి వెళ్ళిపోతాను. వెళ్ళమని ఒక్కరూ చెప్పలేదు. నా కాళ్ళే నేర్చుకున్నాయి.

మేస్త్రమ్మ కాలు కిందే ఉంచి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఒసే, ఈ ఆరేళ్ళూ నీ చేనుకొచ్చిన ప్రతిరోజూ తెల్లారగానే రోడ్డు మీద నీ మొహం చూసే కదే నేను అడుగేసింది? ఎప్పుడన్నా వెనక్కెళ్ళి నీళ్ళు తాగానా?"

"లేదు."

"మరి? నిన్ను లెక్కెయ్యనిదాన్ని మిరపకాయని లెక్కేస్తానా?" కాలు లోపలికి తీసుకుని తలుపు ధడాలున వేసింది. "తుమ్మేవాళ్ళు తుమ్మండే! నువ్వు పోనియ్ బండి!"

పోనిచ్చాను. ఏం పోనిచ్చానో! నా కళ్ళలో నీళ్ళు ఘాటుకా, దేనికా అని ఎవరూ అడగలేదు. అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి. వెనక నలుగురూ వంతులేసుకుని తుమ్ముతున్నారు, తుమ్మిన ప్రతిసారీ కారంతా కేకలు. డిక్కీ కారు కూలబడ్డ చోట ఎత్తు కారు ఒక్కసారి అటూ ఇటూ ఊగి, గట్టు దాటేసింది. చెక్కబల్ల సీటు మీద ఎగిరెగిరి పడి, తలలు పైన తగిలించుకుని, చేలో దిగేసరికి ఒకరి కొప్పూ నిలబడలేదు.

దిగాక మేస్త్రమ్మ కోడలు మూట వంక చూసి, మెల్లగా అంది:

"అవునక్కా, పొద్దున వచ్చేటప్పుడు ఈ మూట కారులో ఎందుకుంటుంది? సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళేది కదా?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎన్ని తుమ్మితే ఎవరికేం? పొద్దున బయల్దేరేటప్పుడు మూటే ఉండదు, తుమ్మే ఉండదు! బిందెడు నీళ్ళు తాగామే!

"ముందే చెప్పొద్దటే?" అంది మేస్త్రమ్మ.

"చెప్పనిచ్చారా అత్తా? కొంగు ముక్కులో పెట్టుకోమంటిరి!"

గట్టు మీద కూలబడి నవ్వాం. ఒకామె నవ్వలేక పడుకుండిపోయింది. మేస్త్రమ్మ మాత్రం సాలులోకి దిగింది. ఒక కొమ్మ వంచి, కాయ విరిచి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. తలెత్తి మబ్బు చూసింది.

"ఆదివారం వస్తాం. తొమ్మిది మందిమీ వస్తాం, రెండు ట్రిప్పులు తిప్పు. ముందు సీటు నాది. ఇప్పుడే చెబుతున్నా, రేపు నీ మరిది కూర్చుంటే దిగిపోతా."

మాస్టారు, "కాగితాలు తర్వాత మార్చుకుందాం, ముందు కోత కానివ్వమ్మా," అని తాళాలు నా చేతిలో పెట్టారు. ఆదివారం మొదలుపెట్టి గురువారానికి చేనంతా అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం, ముఠా కల్లంలో తాలు ఏరుతుండగా, ఆకాశం ఒక్కసారి విరిగిపడింది. అందరం పరిగెత్తి కుప్ప మీద పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, వెళ్ళి కారులో దూరాం. పది మందిమి! ఒకరి ఒళ్ళో ఒకరం, ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియకుండా. అద్దం తుడిచి బయటికి చూశాను. చెట్ల మీద తడవడానికి పచ్చికాయ తప్ప ఇంకేమీ లేదు.